చిన్న కంపెనీ మూసేయాలంటే ఏ దారి మంచిది? స్ట్రైక్ ఆఫ్, లిక్విడేషన్, డార్మెంట్, అమ్మకం: పన్నుల లెక్కతో పోలిక

ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లు, రాయదుర్గంలో జీన్సు కుట్టే యూనిట్, తాడిపత్రిలో బండల పాలిషింగ్ ఫ్యాక్టరీ, కడపలో ఇద్దరు స్నేహితులు పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. వీటిలో ఏది ఆగిపోయినా యజమాని ఆడిటర్ దగ్గరికి వెళ్లి అడిగే మొదటి మాట ఒకటే: "కంపెనీ క్లోజ్ చేయడానికి ఎంతవుతుంది సార్?" అడగాల్సిన మాటే, కానీ దానికంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. వ్యాపారం ఏ తేదీన ఆగింది? ఆగిన నాటికి కంపెనీలో ఏం మిగిలింది? ఈ రెండింటికీ జవాబు రాసుకుంటే ఏ దారి పట్టాలో చాలావరకు తేలిపోతుంది. ఫీజు తక్కువని చూసి దారి ఎంచుకున్నవాళ్లకే చివర్లో ఖర్చు పెరుగుతుంది.

ఇక్కడ చెప్పేది ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీల గురించి. ఒక్కరే పెట్టుకునే ఓపీసీకి కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది. భాగస్వామ్య సంస్థ అయితే ఇంత తతంగం లేదు. రద్దు పత్రం రాసుకుని, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్‌కు తెలిపి, పన్ను రిజిస్ట్రేషన్లు తీసేయించుకుంటే సరిపోతుంది. పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ, అంటే ఎల్‌ఎల్‌పీకి ఫారం 24 అనే వేరే దారి ఉంది. ఏడాదిపాటు వ్యాపారం లేకపోతే దాన్ని వాడుకోవచ్చు.

స్ట్రైక్ ఆఫ్: చవకే, కానీ వెంటనే దొరకదు

స్ట్రైక్ ఆఫ్ అంటే రిజిస్ట్రారు రికార్డు నుంచి కంపెనీ పేరు కొట్టేయించుకోవడం. అందరికీ తెలిసిన దారి ఇది. 2013 కంపెనీల చట్టం 248వ సెక్షన్ కింద, అప్పులన్నీ తీర్చేశాక, ప్రత్యేక తీర్మానం చేసి గానీ, చెల్లించిన మూలధనంలో 75 శాతం వాటా ఉన్నవాళ్ల సమ్మతి తీసుకుని గానీ, ఎస్‌టీకే-2 ఫారం వేస్తారు. ప్రభుత్వ ఫీజు 10,000 రూపాయలు. దానితో పాటు ప్రతి డైరెక్టరూ ఇచ్చే ఇండెమ్నిటీ బాండు (తర్వాత బాకీ తేలితే భరిస్తామనే హామీ), అఫిడవిట్టు, ఆడిటర్ ధ్రువీకరించిన ఆస్తి అప్పుల పట్టిక పెట్టాలి. ఆ పట్టిక దరఖాస్తు తేదీకి 30 రోజుల లోపుదై ఉండాలి. 2023 మే నుంచి ఈ దరఖాస్తులను దేశమంతటికీ ఒకేచోట, మానేసర్‌లోని సీ-పేస్ అనే కేంద్రం చూస్తోంది. మన కంపెనీల రిజిస్ట్రారు (ఆర్‌ఓసీ) ఆఫీసు విజయవాడలో ఉన్నా, మూసివేత దరఖాస్తు కోసం అక్కడికి తిరగాల్సిన పని పోయింది. కర్నూలు నుంచో అనంతపురం నుంచో అంతా ఆన్‌లైన్‌లోనే నడుస్తుంది.

చాలామంది జారిపోయేది అర్హత దగ్గర. వ్యాపారం నడిచి ఆగిన కంపెనీ ఈ దారిలో వెళ్లాలంటే దరఖాస్తుకు ముందు వరుసగా రెండు ఆర్థిక సంవత్సరాలు ఏ వ్యాపారమూ లేకుండా ఉండాలి. గుర్తు పెట్టుకోండి, ఇవి ఆర్థిక సంవత్సరాలు. 24 నెలలని లెక్కేసుకోకూడదు. 2025 మే నెలలో చివరి బిల్లు కొట్టారనుకుందాం. 2025-26లో వ్యాపారం జరిగినట్టే. 2026-27, 2027-28 ఖాళీగా గడవాలి. అంటే 2028 ఏప్రిల్ దాకా ఆగాలి. అదే చివరి బిల్లు 2025 మార్చిలో అయిపోయి ఉంటే 2027 ఏప్రిల్‌కే వేయొచ్చు. రెండు నెలల తేడాకు ఒక ఏడాది పోయింది. ఆ ఏడాదికి ఆడిట్, వార్షిక ఫైలింగ్, ఆదాయపు పన్ను రిటర్ను అన్నీ అదనం. అందుకే జనవరి, ఫిబ్రవరిలో "ఇంక నడపలేం" అని నిర్ణయానికి వచ్చినవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఒకటే: మిగిలిన సరుకు, మిగిలిన బిల్లులు మార్చి 31 లోపే తేల్చేయండి. ఏప్రిల్‌లోకి ఒక్క అమ్మకం కూడా జరగనివ్వకండి.

పెట్టినప్పటి నుంచి ఏడాది లోపల వ్యాపారమే మొదలుపెట్టని కంపెనీకి ఈ రెండేళ్ల నిరీక్షణ లేదు. కడప సాఫ్ట్‌వేర్ స్నేహితుల లాంటివాళ్లకు, ఒక్క ఇన్వాయిసు కూడా కొట్టని వాళ్లకు, ఇదే సరైన దారి. వేరేవి చూడాల్సిన పనే లేదు.

మరికొన్ని అడ్డంకులున్నాయి. బ్యాంకు అప్పు తీరిపోయినా, ఆర్‌ఓసీ రికార్డులో ఆ తాకట్టు తీసేయకపోతే దరఖాస్తు ముందుకు సాగదు. అప్పు తీర్చిన 30 రోజుల్లో తాకట్టు తీసేయించే సీహెచ్‌జీ-4 ఫారం వేయడం చాలామంది మరిచిపోతారు. ట్రాక్టరు మీదో జనరేటరు మీదో పదేళ్ల కిందట తీసుకున్న లోను చివరికి ఇక్కడ బయటపడుతుంది. దరఖాస్తుకు ముందు మూడు నెలల్లో పేరు మార్చినా, రిజిస్టర్డ్ ఆఫీసు వేరే రాష్ట్రానికి మార్చినా, అమ్మకానికని ఉంచిన సరుకు అమ్మినా అర్హత పోతుంది. పాత ఏడాదుల ఏఓసీ-4 (లెక్కల పట్టికలు), ఎంజీటీ-7ఏ (వార్షిక రిటర్ను) బాకీ ఉంటే, వ్యాపారం ఆగిన ఆర్థిక సంవత్సరం చివరి వరకు అవి పూర్తి చేయాలి. ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున ఆలస్య రుసుము, దానికి పైపరిమితి లేదు. ఒక ఏడాదివి రెండు ఫారాలు ఒక ఏడాది ఆలస్యమైతే అక్కడే 73,000 రూపాయలు.

స్వచ్ఛంద లిక్విడేషన్: ఖర్చు ఎక్కువ, ముగింపు గట్టిది

2016 దివాలా స్మృతి 59వ సెక్షన్ కింద, అప్పులన్నీ తీర్చగల స్తోమత ఉన్న కంపెనీ తనంతట తానుగా లిక్విడేషన్‌కు వెళ్లొచ్చు. పేరులో దివాలా ఉందని భయపడతారు గానీ ఇది అప్పులు తీర్చగల కంపెనీల దారి. మెజారిటీ డైరెక్టర్లు "కంపెనీ బాకీలన్నీ తీర్చగలదు" అని అఫిడవిట్ మీద ప్రకటించాలి. రెండేళ్ల ఆడిట్ లెక్కలు, ఆస్తులుంటే విలువ నివేదిక జత చేయాలి. నాలుగు వారాల్లో ప్రత్యేక తీర్మానం చేసి, రిజిస్టరు అయిన ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్‌ను (దివాలా వ్యవహారాల నిపుణుణ్ని) లిక్విడేటరుగా, అంటే ఆస్తులు అమ్మి పంచే మనిషిగా పెట్టాలి. అప్పులవాళ్లు ఎవరైనా ఉంటే విలువలో మూడింట రెండు వంతుల వాళ్ల ఆమోదం ఏడు రోజుల్లో రావాలి. తర్వాత ఒక ఇంగ్లిషు, ఒక తెలుగు పత్రికలో ప్రకటన, అప్పులవాళ్ల నుంచి క్లెయిములు, ఆస్తుల అమ్మకం, పంపకం, చివర్లో కంపెనీ లా ట్రిబ్యునల్ (ఎన్‌సీఎల్‌టీ) రద్దు ఉత్తర్వు. మన రాష్ట్రానికి అమరావతి బెంచి ఉంది. అప్పులవాళ్లు లేని కంపెనీకి లిక్విడేటరు పని 90 రోజుల్లో, ఉన్నదానికి 270 రోజుల్లో ముగించాలని నిబంధన. ట్రిబ్యునల్ ఉత్తర్వుకు పట్టే కాలం దానికి అదనం.

రెండేళ్లు ఖాళీగా కూర్చోవాలనే షరతు దీనికి లేదు. మొన్న ఆగిన వ్యాపారానికి ఇవాళే లిక్విడేషన్ మొదలుపెట్టొచ్చు. స్ట్రైక్ ఆఫ్‌తో పోల్చేటప్పుడు అందరూ లిక్విడేటరు ఫీజు ఒక్కటే చూస్తారు. నిరీక్షణ రెండేళ్లలో కంపెనీని బతికించి ఉంచే ఖర్చును ఎదురుగా పెట్టి చూడరు. ఆ రెండూ పక్కపక్కన రాసి చూస్తే తేడా అనుకున్నంత ఉండదు. అయినా చిన్న కంపెనీకి స్ట్రైక్ ఆఫ్ కంటే ఇది ఖరీదే, అందులో దాపరికం లేదు.

ఇది నిజంగా పనికొచ్చేది కంపెనీలో డబ్బు మిగిలినప్పుడు. మూలధనం 10 లక్షలు, ఏళ్లుగా పోగైన లాభం 15 లక్షలు, అన్నీ తీర్చాక చేతిలో 25 లక్షలు ఉన్నాయనుకుందాం. లిక్విడేషన్‌లో పంచితే 15 లక్షలు డివిడెండు కింద లెక్క, వాటాదారుల చేతిలో వాళ్ల స్లాబు ప్రకారం పన్ను. మిగిలిన 10 లక్షలు వాటాలకు వచ్చిన ప్రతిఫలం. వాళ్లు పెట్టింది కూడా 10 లక్షలే అయితే దాని మీద మూలధన లాభం లేదు. లెక్క శుభ్రంగా ముగుస్తుంది. అదే స్ట్రైక్ ఆఫ్ దారిలో లాభాన్ని డివిడెండుగా ముందే తీసుకోవచ్చు, 10 శాతం టీడీఎస్ (ఇచ్చే ముందే కోసి కట్టే పన్ను) కట్టుకుని. కానీ మూలధనం 10 లక్షలు ఎలా తీసుకుంటారు? మూలధనం తగ్గించాలంటే ట్రిబ్యునల్ అనుమతి కావాలి. "ఎవరడుగుతారులే" అని డైరెక్టర్ ఖాతాకు బదిలీ చేసి అప్పు కింద రాసేస్తే, తర్వాత పన్ను అధికారి అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

ఆదాయపు పన్ను శాఖ నుంచి బాకీ లేదనే పత్రం తెమ్మని లిక్విడేటర్లు తిప్పించే రోజులు పోయాయి. స్వచ్ఛంద లిక్విడేషన్‌లో ఆ పత్రం అవసరం లేదని దివాలా బోర్డు 2021 నవంబరులో స్పష్టం చేసింది. శాఖకు రావలసింది ఉంటే అందరితో పాటు క్లెయిము వేసుకుంటుంది.

డార్మెంట్: మూసివేత కాదు, నిద్ర

భూమి ఉంది, ఇప్పుడు అమ్మడం ఇష్టం లేదు. లేదా ట్రేడ్‌మార్కు ఉంది, రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ మొదలుపెట్టే ఆలోచన ఉంది. అలాంటప్పుడు 455వ సెక్షన్ కింద ఎంఎస్‌సీ-1 వేసి డార్మెంట్ హోదా తీసుకోవచ్చు. ఏడాదికి రెండు బోర్డు సమావేశాలు, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ఎంఎస్‌సీ-3 రిటర్ను. ఆదాయపు పన్ను రిటర్ను మాత్రం యథావిధిగా వేస్తూ ఉండాలి. వరుసగా ఐదేళ్లు నిద్రపోతే రిజిస్ట్రారే పేరు కొట్టేసే ప్రక్రియ మొదలుపెడతారు.

"ముందు డార్మెంట్ చేద్దాం, తర్వాత స్ట్రైక్ ఆఫ్ చేద్దాం" అనే సలహా వినిపిస్తూ ఉంటుంది. వినకండి. ఆ రెండేళ్ల కాలంలో డార్మెంట్ హోదాకు దరఖాస్తు చేయకుండా ఉండటం కూడా స్ట్రైక్ ఆఫ్ అర్హతలో భాగమే. మూసేయాలని ఖాయమైతే నేరుగా మూసివేత దారే పట్టాలి. మనసు ఇంకా తేలనివాళ్లకే డార్మెంట్.

అమ్మేయడం

రెండు రకాల అమ్మకాలున్నాయి, ఫలితాలు వేరు. వాటాలు అమ్మితే కంపెనీ కొత్త చేతుల్లోకి వెళ్తుంది. రెండేళ్లకు మించి ఉన్న వాటాల మీద దీర్ఘకాలిక మూలధన లాభం పన్ను 12.5 శాతం. కొనేవాడు "మీ కంపెనీలో నష్టాలున్నాయి, వాటికీ విలువ కడతాను" అంటే తొందరపడి నమ్మకండి. ప్రైవేటు కంపెనీలో ఓటు హక్కున్న వాటాల్లో 49 శాతానికి మించి చేతులు మారితే పాత వ్యాపార నష్టాలు ముందుకు తీసుకెళ్లడానికి వీలుండదు. లాభాల్లోంచి తీసుకోలేక మిగిలిపోయిన తరుగుదల (యంత్రాల అరుగుదల ఖర్చు) మాత్రం నిలుస్తుంది. అమ్మి బయటపడ్డా, మీరు డైరెక్టరుగా ఉన్న ఏళ్ల పన్ను కంపెనీ నుంచి వసూలు కాకపోతే మీ దగ్గరికే వస్తారు. అందుకే అమ్మకపు ఒప్పందంలో ఏ తేదీ వరకు బాధ్యత ఎవరిదో రాయించుకోవాలి.

రెండోది కంపెనీని ఉంచుకుని వ్యాపారాన్ని మొత్తంగా, నడుస్తున్న స్థితిలో అమ్మడం. దీని మీద జీఎస్టీ మినహాయింపు ఉంది. క్రెడిట్ లెడ్జరులో మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్‌ను (కొనుగోళ్ల మీద కట్టిన జీఎస్టీకి దక్కే క్రెడిట్) ఐటీసీ-02 ఫారం ద్వారా కొనేవాడికి బదిలీ చేయవచ్చు. యంత్రాలు, సరుకు, బాకీలు, పనివాళ్లు అన్నీ కలిపి వెళ్లాలి. యంత్రాలు ఒకడికి, సరుకు ఇంకొకడికి అమ్మితే ఈ వెసులుబాటు రాదు. జిన్నింగ్ మిల్లు, ఆయిల్ మిల్లు లాంటివాటికి కొనేవాడు దొరికితే పన్ను వైపు నుంచి ఇదే అన్నిటికంటే లాభం. తర్వాత ఖాళీ కంపెనీని ఎలాగూ మూయాల్సిందే, అప్పుడు స్ట్రైక్ ఆఫ్ లెక్క మళ్లీ వస్తుంది.

వదిలేయడం

ఇదీ ఒక దారి అనుకునేవాళ్లు ఉన్నారు. రిటర్నులు మానేస్తే రిజిస్ట్రారే కొట్టేస్తారు, మనకు ఖర్చు లేదు అని. 2017లో దేశమంతటా రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు అలాగే కొట్టేశారు. ఆ తర్వాత ఏమైంది? ఆ కంపెనీల బ్యాంకు ఖాతాలు ఆపేశారు. మూడేళ్లు వరుసగా లెక్కలు దాఖలు చేయని కంపెనీల డైరెక్టర్లు ఐదేళ్లపాటు ఏ కంపెనీలోనూ డైరెక్టరుగా ఉండటానికి అనర్హులయ్యారు. మీ పేరుతో ఇంకో కంపెనీ నడుస్తుంటే, మీ కొడుకో కూతురో పెట్టిన కంపెనీలో మీ పేరుంటే, ఆ దెబ్బ అక్కడ పడుతుంది. కొట్టేసిన కంపెనీకి పన్ను బాకీ ఉంటే శాఖ ట్రిబ్యునల్‌కు వెళ్లి దాన్ని మళ్లీ బతికించవచ్చు. ఈ దారిని ఎవరికీ సూచించను.

జీఎస్టీ: యంత్రం ఎప్పుడు అమ్మాలి?

ఏ దారి పట్టినా పన్ను పనులు ఒకేలా ఉంటాయి. మారేది క్రమమే. అందులో అన్నిటికంటే డబ్బు పోయేది జీఎస్టీ రద్దు దగ్గర, దాన్ని కాస్త వివరంగా చెప్పాలి.

రిజిస్ట్రేషన్ రద్దయ్యే ముందు రోజు మీ దగ్గర ఉన్న సరుకు, ముడి సరుకు, యంత్రాల మీద తీసుకున్న క్రెడిట్ తిరిగి కట్టాలి. లేదా వాటి మీద పడే పన్ను కట్టాలి. రెండింటిలో ఏది ఎక్కువైతే అది. యంత్రాలకు ఆయుష్షు ఐదేళ్లు, అంటే 60 నెలలుగా లెక్క. 10 లక్షలకు జనరేటరు కొని, 18 శాతం చొప్పున 1,80,000 రూపాయల క్రెడిట్ తీసుకున్నారు. మూడేళ్లు వాడారు. మిగిలిన 24 నెలలకు క్రెడిట్ 72,000 రూపాయలు.

ఇప్పుడు రెండు పద్ధతులు చూడండి. జనరేటరును షెడ్డులోనే వదిలి జీఎస్టీ రద్దు చేయించుకున్నారు. కనీసం 72,000 మీ జేబులోంచి పోతాయి, అది ఎవరికీ క్రెడిట్‌గా దక్కదు. దాన్ని ఎప్పుడో ఏడాది తర్వాత అమ్మితే అప్పటికి మీకు జీఎస్టీ నంబరు లేదు, కొనేవాడికి పన్ను బిల్లు ఇవ్వలేరు. అదే రద్దుకు ముందే 5 లక్షలకు బిల్లు మీద అమ్మారు. 90,000 పన్ను కొనేవాడి దగ్గర వసూలు చేసి కట్టేస్తారు. అతనికి నంబరుంటే ఆ 90,000 క్రెడిట్‌గా తీసుకుంటాడు. మీ నుంచి పైసా పోలేదు. 3 లక్షలకే అమ్ముడుపోతే పన్ను 54,000 అవుతుంది, 72,000 కంటే తక్కువ కాబట్టి తేడా 18,000 మీరు కట్టాలి. అయినా మొదటి పద్ధతి కంటే నయం. జీఎస్టీ నంబరు ఉన్న కొనుగోలుదారును వెతికి, ఉన్న యంత్రాలు, సరుకు అంతా బిల్లు మీద వదిలించుకున్నాకే రద్దుకు వేయండి.

బాకీలు రద్దు చేసుకునేటప్పుడు కూడా జాగ్రత్త. సరఫరాదారుకు 180 రోజుల్లో డబ్బు కట్టకపోతే ఆ బిల్లు మీద తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. "వాడికి ఇవ్వాల్సింది లక్ష, మాట్లాడుకుని మాఫీ చేయించుకున్నాం" అని లెక్కలో కొట్టేస్తే, ఆ లక్ష ఆదాయపు పన్నులో కంపెనీ ఆదాయంగానూ చేరుతుంది. ఒకే మాఫీకి రెండు వైపుల నుంచి దెబ్బ. మీకు రావలసినవి మొండి బాకీలైతే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపవచ్చు, కానీ ఆ అమ్మకం మీద కట్టేసిన జీఎస్టీ తిరిగి రాదు.

దరఖాస్తు ఆర్‌ఈజీ-16 ఫారంలో, వ్యాపారం ఆపిన 30 రోజుల్లో వేయాలి. అప్పటిదాకా ఉన్న నెలల రిటర్నులన్నీ పూర్తయి ఉండాలి. రద్దయ్యాక మూడు నెలల్లో చివరి రిటర్ను జీఎస్‌టీఆర్-10. వార్షిక రిటర్ను జీఎస్‌టీఆర్-9 వేరు, ఇది వేరు. చాలామంది రద్దు ఉత్తర్వు చేతికి రాగానే పని అయిపోయిందనుకుని దీన్ని వదిలేస్తారు. రోజుకు 200 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 10,000 దాకా ఆలస్య రుసుము పడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది, మీరు చెప్పని లెక్కను అధికారి తనకు తోచిన అంచనాతో తేల్చి నోటీసు పంపవచ్చు.

ఆదాయపు పన్ను, డైరెక్టరు ఖాతా

వ్యాపారం ఆపిన 15 రోజుల్లో అసెసింగ్ అధికారికి తెలియజేయాలనే నిబంధన ఆదాయపు పన్ను చట్టంలో ఉంది, దాన్ని పాటించినవాళ్లు అరుదు. ఒక ఉత్తరం, దాని రసీదు. రేపు ఏ తేదీన వ్యాపారం ఆగిందో రుజువు చేసుకోవడానికి అంతకంటే మంచి కాగితం లేదు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి. ఉత్తరంలో నంబరు రాసే ముందు ఆడిటరును అడగండి.

కంపెనీ రిటర్ను ప్రతి ఏడాదీ అక్టోబర్ 31 గడువు లోపు వేస్తూ ఉండాలి, వ్యాపారం సున్నా అయినా. యంత్రాలన్నీ అమ్మేసిన ఏడాది ఒక సంగతి చూసుకోవాలి. తరుగుదల పట్టికలో మిగిలిన విలువ కంటే ఎక్కువ ధర వచ్చి ఉంటే ఆ తేడా స్వల్పకాలిక మూలధన లాభం. నష్టాల కంపెనీలో కూడా ఇది తేలుతుంది.

అసలు చిక్కు డైరెక్టరు ఖాతా దగ్గర. మన చిన్న కంపెనీల్లో పుస్తకం తెరిస్తే రెండు రకాలు కనబడతాయి. ఒకటి, డైరెక్టరు కంపెనీకి అప్పు ఇచ్చి ఉంటాడు. ఊళ్లో పొలం అమ్మో, బంగారం కుదువబెట్టో తెచ్చిన డబ్బు అది. కంపెనీ దగ్గర తీర్చడానికి సొమ్ము లేదు, కానీ అప్పు ఉండగా స్ట్రైక్ ఆఫ్ కుదరదు. దాన్ని మాఫీ చేస్తే కంపెనీకి ఆదాయమా కాదా అన్నది వాదం ఉన్న విషయమే. డబ్బు రూపంలో వచ్చిన ప్రయోజనం కూడా వ్యాపార ఆదాయమేనని 2023లో చట్టం సవరించాక ఆ వాదం మరింత బిగిసింది. దాన్ని వాటాలుగా మార్చుకోవడం ఒక ఉపాయం, తీర్మానాలు సరిగా చేయాలి. ఏది చేసినా ఆడిటరు అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకోండి.

రెండోది దీనికి తలకిందులు, ఇంకా ప్రమాదం. డైరెక్టరే కంపెనీ నుంచి డబ్బు తీసుకుని ఉంటాడు. కూతురి పెళ్లికో, ఇంటి స్థలానికో. లాభాలున్న ప్రైవేటు కంపెనీ 10 శాతానికి తగ్గని వాటా ఉన్న వ్యక్తికి అప్పిస్తే, పోగైన లాభం మేరకు అది డివిడెండుగా లెక్క. మూసే తొందరలో "డైరెక్టరు బాకీ మాఫీ" అని ఒక జర్నల్ ఎంట్రీ వేసేస్తే కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. ముందు ఆ డబ్బు వెనక్కి కట్టి, తర్వాత దాన్ని డివిడెండుగానో జీతంగానో సక్రమంగా తీసుకుని పన్ను కట్టడమే సురక్షితం.

మిగిలినవి, బ్యాంకు ఖాతా చివర

టీడీఎస్ రిటర్నులు చివరి త్రైమాసికం దాకా వేసి, పనివాళ్లకు టీడీఎస్ ధ్రువపత్రాలు ఇచ్చి, ఆ తర్వాతే టాన్ (టీడీఎస్ కట్టే నంబరు) తిరిగి ఇవ్వాలి. టీడీఎస్ రిటర్ను ఆలస్యానికి రోజుకు 200 రూపాయలు, కట్టాల్సిన టీడీఎస్ మొత్తం దాకా. ఐదేళ్లు పనిచేసిన వాళ్లకు గ్రాట్యుటీ, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, బాకీ పెట్టకండి. మీరు మూసేసిన మర్నాడు వాళ్లకు జీతం ఉండదు, వాళ్ల లెక్క ముందు తేల్చడం న్యాయం. పీఎఫ్ బకాయిలు కట్టి, ఖాతాలో చివరి తేదీ నమోదు చేసి, కడప ప్రాంతీయ కార్యాలయానికి మూసివేత తెలపాలి. పనివాళ్లు తమ పీఎఫ్ డబ్బు తీసుకోవాలంటే ఆ చివరి తేదీ పోర్టల్‌లో ఉండాలి. వృత్తిపన్ను రిజిస్ట్రేషన్, షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్, మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు, ఉద్యం (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) నంబరు, తిండి సరుకైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు, వీటన్నిటినీ ఒక్కొక్కటిగా రద్దు చేయించుకోవాలి.

ఏపీఎస్పీడీసీఎల్ దగ్గర కట్టిన కరెంటు డిపాజిట్ మరవకండి. మిల్లులకూ ఫ్యాక్టరీలకూ అది చిన్న మొత్తం కాదు. అది కంపెనీ పేరున చెక్కుగా వస్తే వేసుకోవడానికి ఖాతా ఉండాలి. ఆదాయపు పన్ను రిఫండు, జీఎస్టీ రిఫండు కూడా అంతే. అందుకే స్ట్రైక్ ఆఫ్‌కు ముందు బ్యాంకు ఖాతా మూసి ధ్రువపత్రం తీసుకోవాల్సి ఉన్నా, ఇవన్నీ వచ్చిన తర్వాతే ఆ పని చేయాలి. పాన్ అన్నిటికంటే చివర. డైరెక్టరు డిజిటల్ సంతకం గడువు ఈ మధ్యలో తీరిపోకుండా చూసుకోండి. అది లేకపోతే ఏ పోర్టల్‌లోనూ అడుగు పడదు.

ఎవరికి ఏది

వ్యాపారమే మొదలుపెట్టని కంపెనీ, ఆస్తి అప్పు రెండూ లేవు: స్ట్రైక్ ఆఫ్, ఈ నెలలోనే. వ్యాపారం నడిచి రెండు ఆర్థిక సంవత్సరాల కిందటే ఆగింది, ఖాతాల్లో పెద్దగా ఏమీ లేదు, తాకట్టులు తీసేశారు: అదీ స్ట్రైక్ ఆఫే. రాయదుర్గంలో ఇప్పుడే ఆగిన జీన్సు యూనిట్, యంత్రాలు అమ్మాక చేతిలో చెప్పుకోదగ్గ డబ్బు, పన్ను గొడవలేమీ లేవు: నేనైతే స్వచ్ఛంద లిక్విడేషన్‌కే మొగ్గుతాను. డబ్బు చట్టబద్ధంగా చేతికి వస్తుంది, రెండేళ్లు వేలాడటం ఉండదు. అదే యూనిట్‌లో మిగిలేది యాభై వేలో లక్షో అయితే లిక్విడేటరు ఫీజుకే సరిపోతుంది, ఓపిక పట్టి స్ట్రైక్ ఆఫ్‌కే వెళ్లాలి. ఆదోని మిల్లుకు నడిపే మనిషి దొరికితే వ్యాపారం మొత్తంగా అమ్మకం. పొలమో స్థలమో కంపెనీ పేరున ఉండి ధర కోసం ఆగాలనుకుంటే డార్మెంట్.

ఆస్తుల కంటే అప్పులు ఎక్కువైన కంపెనీకి వీటిలో ఏదీ పనికిరాదు. అన్నీ తీర్చగలమని అబద్ధపు ప్రకటన మీద సంతకం పెడితే డైరెక్టర్లకు శిక్ష ఉంది. అక్కడ మొదటి పని బ్యాంకుతో ఒకేసారి పరిష్కారం మాట్లాడటం. కంపెనీ రద్దయినా మీరిచ్చిన వ్యక్తిగత హామీ రద్దు కాదు. ఆ హామీ పత్రం కాపీ ముందు బ్యాంకు నుంచి తీసుకుని చదవండి, లేదా న్యాయవాదితో చదివించండి. ఇంటి పత్రాలు అందులో ఉన్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది.

కంపెనీ పేరు గెజిట్‌లో రద్దయినట్టు వచ్చాక కూడా డైరెక్టర్ల బాధ్యత పోదు. ప్రైవేటు కంపెనీ పన్ను వసూలు కాకపోతే, ఆ ఏడాది డైరెక్టరుగా ఉన్న ప్రతి ఒక్కరి నుంచీ రాబట్టే అధికారం ఆదాయపు పన్ను, జీఎస్టీ చట్టాలు రెండింటిలోనూ ఉంది. తన నిర్లక్ష్యం వల్ల కాదని నిరూపించుకుంటేనే బయటపడతారు. నిరూపించుకోవాలంటే కాగితాలుండాలి. కంపెనీ లెక్క పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు దాచాలని చట్టం. అద్దె ఆఫీసు ఖాళీ చేసేటప్పుడు ఫైళ్లు పాత కాగితాల వాడికి వేయకుండా, ఇన్వాయిసులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రిటర్నుల రసీదులు, జీఎస్టీ రద్దు ఉత్తర్వు, ఎస్‌టీకే-2 రసీదు స్కాన్ చేసి ఒక ప్రతి ఇంట్లో, ఒక ప్రతి రెండో డైరెక్టరు దగ్గర ఉంచండి. పన్ను పోర్టల్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు, ఈమెయిలు ఉద్యోగిదో పాత ఆడిటర్‌దో అయితే రద్దుకు ముందే మీ సొంతానికి మార్చుకోండి. తర్వాత వచ్చే నోటీసులన్నీ అక్కడికే వస్తాయి, జవాబివ్వడానికి ఉండే గడువు తక్కువ.